పది సెంటీమీటర్ల లెక్క

పుస్తకంలో రాసినట్టే సూది మీద 220 కుట్లు ఎక్కించి, వరస వరసకీ లెక్కపెట్టుకుంటూ నెలల తరబడి అల్లిన స్వెట్టర్ తీరా తొడిగి చూస్తే భుజాల మీద నుంచి జారిపోతుంది. కుట్టు తప్పలేదు, వరస తప్పలేదు, దారం కూడా పుస్తకంలో చెప్పిందే. తేడా అల్లిన చేతిలో ఉంది. నమూనా రాసినామె చేతికి పది సెంటీమీటర్ల వెడల్పులో 22 కుట్లు పడ్డాయి. అల్లినామె చెయ్యి కొంచెం వదులు, 20 పడ్డాయి. రెండు కుట్ల తేడా కంటికి ఆనదు. కానీ 100 సెంటీమీటర్లు రావలసిన ఛాతీ చుట్టుకొలత దానితోనే 110కి పోయింది. చెయ్యి బిగువై 24 పడి ఉంటే అదే స్వెట్టర్ 92 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయి తలలోంచి దిగడమే కష్టమయ్యేది.

నిట్టింగ్ అయినా క్రోషే అయినా, కొత్తవాళ్లు నిరుత్సాహపడి సూదులు పక్కన పెట్టేసేది ఎక్కువగా ఇక్కడే. కష్టమైన డిజైను రాక కాదు, కొలత కుదరక. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ఏ బట్ట మొదలుపెట్టినా ముందు అదే దారంతో, అదే సూదితో, అదే డిజైనులో ఒక చిన్న నమూనా ముక్క అల్లుకుంటారు. అది కనీసం 15 సెంటీమీటర్ల చదరం ఉండాలి. అంచుల దగ్గర కుట్లు సాగుతాయి, ముడుచుకుంటాయి. కాబట్టి కొలిచేది మధ్యలోని పది సెంటీమీటర్లే. ముక్కను లాగకుండా బల్ల మీద పరచాలి. స్కేలు ఆనించి సున్నా దగ్గర ఒక గుండుసూది, పది దగ్గర ఇంకొకటి గుచ్చి, మధ్యలో కనిపించే ‘వి’ ఆకారాలను లెక్కపెట్టాలి. ఇరవైన్నర వస్తే ఇరవైన్నర అనే రాసుకోవాలి, ఇరవై అని సర్దుకోకూడదు. 200 కుట్ల స్వెట్టర్‌లో ఆ అర కుట్టే దాదాపు రెండున్నర సెంటీమీటర్లు తినేస్తుంది.

కొలిచే ముందు ముక్కను ఉతకాలి. తయారైన బట్టను ఎలా ఉతుకుతారో దీన్నీ అలాగే ఉతికి ఆరబెట్టాలి. నూలు సాగుతుందో, ఊలు విచ్చుకుంటుందో, రంగు దిగుతుందో అప్పుడే తెలుస్తుంది. కుట్లు కావలసినదాని కంటే ఎక్కువ పడితే లావు సూదికి, తక్కువ పడితే సన్న సూదికి మారి ఇంకో ముక్క అల్లాలి. చెయ్యి బిగించి, వదులు చేసి సర్దుదామని చూస్తే పది వరసలు దాటాక చెయ్యి మళ్లీ తన దారికే వస్తుంది. మార్చాల్సింది సూదిని.

ఆ ముక్కకు ఇంకో ఉపయోగం ఉంది. వంటింటి త్రాసు మీద తూస్తే దారం ఎంత కొనాలో చెబుతుంది. 15 సెంటీమీటర్ల చదరం అంటే 225 చదరపు సెంటీమీటర్లు. అది 8 గ్రాములు తూగిందనుకుందాం. ముందు భాగం, వెనక భాగం చెరో 50 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల పొడవు ఉన్న చేతుల్లేని టాప్‌కు మొత్తం 5,500 చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు 196 గ్రాములు. అంచులకీ అతుకులకీ కలిపి 250 గ్రాములు ఒకేసారి కొనేయడం మంచిది. సగంలో అయిపోయాక వెళితే అదే రంగు దొరకవచ్చు గానీ అదే రంగు తొట్టెలోంచి వచ్చిన దారం దొరకదు. ఉండ మీది లేబుల్ పైన లాట్ నంబరు వేసేది అందుకే. నంబరు మారితే దుకాణంలో దీపం వెలుగులో తెలియని తేడా పగటి వెలుతురులో ఛాతీకి అడ్డంగా గీతలా కనబడుతుంది.

సూదుల నంబర్లు ఇంకో చిక్కు. మన దుకాణాల్లో చాలాచోట్ల పాత బ్రిటిష్ పద్ధతి నడుస్తోంది. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఎనిమిదో నంబరు 4 మిల్లీమీటర్లు, పదో నంబరు 3.25. అమెరికన్ పద్ధతిలో నంబరు పెరిగితే సూది లావెక్కుతుంది, అక్కడి ఎనిమిది 5 మిల్లీమీటర్లు. క్రోషే కుట్ల పేర్లలోనూ ఇదే తంటా. అమెరికన్ నమూనాలో సింగిల్ క్రోషే అన్నదాన్నే బ్రిటిష్ నమూనాలో డబుల్ క్రోషే అంటారు, అమెరికన్ల డబుల్ బ్రిటిష్ వాళ్లకు ట్రెబుల్. నమూనా ఏ దేశానిదో చూసుకోకుండా మొదలుపెడితే బట్ట ఎత్తు ఎక్కడా కుదరదు. సూదికి మిల్లీమీటర్లను నమ్ముకోవాలి. కుట్టుకు మాత్రం సూది మీద దారం ఎన్నిసార్లు చుట్టమంటున్నారో చూసుకోవాలి. ఈ వ్యాసంలో వాడినవి అమెరికన్ పేర్లు.

నిట్టింగ్‌లో వరసలోని లూపులన్నీ ఒకేసారి సూది మీద ప్రాణంతో ఉంటాయి. 200 కుట్ల బట్టకు 200 లూపులు. ఒకటి జారిందంటే కింది వరసలోది, దాని కిందిది కూడా విడిపోయి నిచ్చెన మెట్లు కనబడతాయి. భయపడి అంతా విప్పాల్సిన పని లేదు. ఒక క్రోషే సూది తీసుకుని, అడుగున మిగిలిన లూపులో దూర్చి, పైనున్న మెట్టును అందుకుని అందులోంచి లాగాలి. మెట్టు తర్వాత మెట్టు అలా పైదాకా తెచ్చి సూది మీద పెడితే జారిన ఆనవాలు కూడా ఉండదు. లేసు డిజైనులాంటి చిక్కు పనిలో ఇంకో జాగ్రత్త తీసుకుంటారు. పది పదిహేను వరసలకొకసారి వేరే రంగు సన్న దారాన్ని కుట్టుసూదితో ఆ వరస లూపులన్నింటిలోంచీ తీసి వదిలేస్తారు. ఆ తర్వాత ఎక్కడ తప్పు దొర్లినా ఆ దారం దాకానే విప్పుకోవచ్చు, కింది పని చెక్కుచెదరదు.

క్రోషేలో మామూలుగా ఒక లూపే సూది మీద ఉంటుంది. ప్రతి కుట్టూ అక్కడికక్కడే ముగిసిపోతుంది. అందుకే క్రోషే పట్టుకోవడం తేలిక, విప్పడం తేలిక, ఏ వైపుకంటే ఆ వైపుకు తిప్పుకోవచ్చు. కానీ కుట్టు మీద కుట్టు చుట్టుకోవడం వల్ల బట్ట మందంగా, కాస్త బిరుసుగా వస్తుంది, దారం కూడా ఎక్కువ పడుతుంది. సంచికీ బొమ్మకీ ఆ బిరుసే కావాలి. ఒంటి మీద వేసుకునేదానికి మాత్రం దారానికి చెప్పిన సూది కంటే ఒకటి రెండు సైజులు లావు సూది వాడితే బట్ట ఒంటికి ఆనుకుని వాలుతుంది. క్రోషే టాప్ అట్టలా నిలబడిందంటే చాలాసార్లు తప్పు సూదిదే.

దారం విషయానికి వస్తే, మన దుకాణాల్లో ‘ఊలు’ అని అమ్మేదాంట్లో చాలాభాగం అక్రిలిక్. గొర్రె బొచ్చు కాదు. తెలుసుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. నీళ్లు పోసిన పళ్లెం మీద చిన్న పోగును చిమటాతో పట్టుకుని అంటించి చూడాలి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగులుస్తుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. అక్రిలిక్ చెడ్డదేమీ కాదు. చవక, ఎన్నిసార్లైనా ఉతకవచ్చు, కుంచించుకుపోదు. కాకపోతే గాలి ఆడదు, ఇస్త్రీ పెట్టె తగిలిందంటే సాగు చచ్చిపోయి బట్ట చతికిలబడుతుంది, మళ్లీ కోలుకోదు.

లంబసింగిలోనో అరకులోనో డిసెంబరు తెల్లవారుజామున తప్ప మన వాతావరణానికి ఏడాదంతా వేసుకోదగ్గది నూలే. కానీ నూలుకు ఊలుకున్న సాగుడు లేదు. లాగితే వెనక్కి రాదు, తడిస్తే బరువెక్కి కిందికి దిగుతుంది. అందుకే నూలు టాప్ పొడవు రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ అల్లుకోవాలి. భుజం అతుకు లోపల సన్నటి నాడా కుట్టి బరువు దానిమీద పడేలా చూసుకోవాలి. క్రోషేకు వాడే మెర్సరైజ్డ్ నూలును బిగించి పట్టి కాస్టిక్ సోడా ద్రావణంలో తడిపి తీస్తారు. దాంతో పోగు ఉబ్బి గుండ్రబడుతుంది, మెరుపు వస్తుంది, బలం పెరుగుతుంది, రంగు బాగా పడుతుంది. లేసు పువ్వు రేకులు విడివిడిగా నిలబడాలంటే ఈ నూలు వాడాల్సిందే.

మొదటి వస్తువుగా మఫ్లర్ అల్లమని చాలామంది చెబుతారు. మఫ్లర్ నెలల తరబడి సాగుతుంది, నేర్పేది తక్కువ. దానికంటే టోపీ మేలు. కొలత, గుండ్రం, పెంచడం, ఆపడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. తల చుట్టుకొలత 54 సెంటీమీటర్లు అనుకుందాం. టోపీ జారకుండా పట్టుకోవాలంటే తల కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువుండాలి, అంటే 50. దాన్ని 3.14తో భాగిస్తే 16. క్రోషేతో నడినెత్తిన మొదలుపెట్టి 16 సెంటీమీటర్ల వ్యాసం వచ్చేదాకా చదునైన చక్రం అల్లి, అక్కడ పెంచడం ఆపేయాలి. ఆ తర్వాత కుట్టుకు కుట్టు చొప్పున చుట్లు తిరుగుతుంటే బట్ట దానంతటదే కిందికి వంగుతుంది. నడినెత్తి నుంచి అంచు దాకా 20 సెంటీమీటర్లకు చేరితే పెద్దవాళ్లకు చెవులు కప్పే టోపీ తయారు.

చక్రం చదునుగా రావడానికి లెక్క ఉంది. సింగిల్ క్రోషేలో చుట్టుకు ఆరు కుట్లు పెరగాలి: 6, 12, 18, 24. డబుల్ క్రోషేలో కుట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పన్నెండు పెరగాలి: 12, 24, 36. తక్కువ పెంచితే గిన్నెలా పైకి లేస్తుంది, ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పోతుంది. పెంచే కుట్లు ప్రతి చుట్టులోనూ ఒకదాని మీద ఒకటి పడితే చక్రానికి ఆరు మూలలు తేలతాయి. చుట్టు చుట్టుకీ చోటు కాస్త జరుపుకుంటే గుండ్రం చెడదు.

కుచ్చిళ్లు పోయే ఆ ‘తప్పు’నే ఒక గణిత ఉపాధ్యాయురాలు పాఠంగా మలిచింది. లాత్వియాలో పుట్టిన డైనా తైమినా అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1997లో హైపర్‌బోలిక్ తలం ఎలా ఉంటుందో విద్యార్థులకు చూపించడానికి దాన్ని క్రోషేతో అల్లింది. ఆ తలంలో ఒక గీతకు బయటి బిందువు గుండా ఎన్ని సమాంతర రేఖలైనా గీయవచ్చు. బోర్డు మీద బొమ్మ గీసి చూపడం కష్టం, కాగితంతో చేస్తే చేతిలోనే చిరిగిపోతుంది. ఆమె ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోయింది. పగడపు దిబ్బ లాంటి కుచ్చిళ్ల బట్ట వచ్చింది, దాన్ని మడిచి గీతలు చూపించవచ్చు. ఆ పని మీద ఆమె రాసిన పుస్తకానికి 2012లో అమెరికా గణిత సంఘం ఆయిలర్ బహుమతి వచ్చింది.

టోపీ అయ్యాక స్వెట్టర్‌కు భయపడనక్కర్లేదు. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ఇచ్చిన శాతాల లెక్క చేతిలో ఉంటే నమూనా పుస్తకమే అవసరం లేదు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆమె, పుస్తకాన్ని గుడ్డిగా అనుసరించకుండా ఎవరి స్వెట్టర్ వాళ్లు లెక్కకట్టుకోవాలని జీవితమంతా చెప్పింది. ఛాతీ చుట్టూ వచ్చే కుట్లను నూరు శాతం అనుకోవాలి. మణికట్టు దగ్గర సుమారు 20 శాతంతో మొదలుపెట్టి, చంక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మూడో వంతుకు పెరగాలి. మెడ 40 శాతం. నమూనా ముక్కలో పది సెంటీమీటర్లకు 20 కుట్లు పడి, ఛాతీ 100 సెంటీమీటర్లు కావాలంటే నడుము నుంచి చంక దాకా 200 కుట్లు, మణికట్టు 40, చంక దగ్గర చెయ్యి 66, మెడ 80. గొట్టంలా మూడు ముక్కలు అల్లి, ఒకే గుండ్రటి సూది మీదికి చేర్చి, పైకి పోయేకొద్దీ తగ్గించుకుంటూ వెళితే కుట్టాల్సిన అతుకులే ఉండవు. లావుగా ఉన్నవాళ్లకి, పొట్టిగా ఉన్నవాళ్లకి, పిల్లలకి శాతాలు దాదాపు అవే, మారేది కొలత.

నిట్టింగ్‌లో కొత్తవాళ్లను కంగారుపెట్టే ఇంకోటి, చుట్టుకుపోయే అంచు. ముందువైపు నిట్, వెనకవైపు పర్ల్ వేసే సాదా బట్ట పక్క అంచులు వెనక్కి, పై, కింది అంచులు ముందుకి చుట్టుకుంటాయి. అది చేతి తప్పు కాదు, ఆ కుట్టు స్వభావం. ఇస్త్రీ చేసినా, తడిపి పిన్నులు కొట్టినా కొన్నాళ్లకు మళ్లీ చుట్టుకుంటుంది. విరుగుడు అల్లికలోనే ఉంది. ప్రతి వరసా నిట్ వేస్తే వచ్చే గీతల బట్ట చదునుగా పడుకుంటుంది. అంచుల్లో నాలుగైదు కుట్లు, కిందా పైనా ఆరేడు వరసలు అలా వేసుకుంటే చాలు. సాగాల్సిన చోట, అంటే నడుము, మణికట్టు, మెడ దగ్గర, రెండు నిట్ రెండు పర్ల్ చొప్పున రిబ్ వేస్తారు.

క్రోషేలో అంచు చుట్టుకోదు, సన్నబడుతుంది. ఇరవై కుట్లతో మొదలైన వరస పది వరసల తర్వాత పదిహేనుకు వచ్చి నిలుస్తుంది. ఎందుకంటే డబుల్ క్రోషేలో వరస తిరిగేటప్పుడు వేసిన మూడు చైనులు కూడా ఒక కుట్టు కిందే లెక్క. తిరిగి వచ్చేటప్పుడు దాని నెత్తిన కుట్టు వేయడం మర్చిపోతారు. ఆ మూడో చైనుకు ఒక పిన్నీసు తగిలించుకుంటే కంటికి కనబడుతూ ఉంటుంది. మొదటి చైను వరస బిగిసిపోయి అడుగు ముడుచుకునేవాళ్లు ఆ ఒక్క వరసకూ అర మిల్లీమీటరు లావు సూది వాడాలి.

పెద్ద బట్టను ఒకే ముక్కగా కాకుండా పువ్వులూ చదరాలూ విడిగా అల్లి అతికే పద్ధతికి తెలుగునాట పెద్ద చరిత్రే ఉంది. వశిష్ఠ గోదావరి ఒడ్డున నరసాపురంలో, చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా ఆడవాళ్లు అల్లుతున్నది ఈ లేసే. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి తీరంలో నేర్పిన పని అది. దాదాపు అదే కాలంలో, 1845లో మొదలైన కరువులో ఐర్లండ్ పేద కుటుంబాలు కూడా క్రోషే లేసు అల్లి తిండి సంపాదించుకున్నాయి. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, తర్వాత వలలాంటి అల్లికతో కలిపేవాళ్లు. నరసాపురంలోనూ పని అలాగే పంచుకున్నారు. ఒకరి చేతిలో పువ్వు పుడుతుంది, ఇంకొకరు అతుకుతారు, టేబుల్ క్లాతో బెడ్‌షీటో అయి విదేశాలకు వెళుతుంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో పరిశోధించి 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద పుస్తకం ప్రచురించింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజూ గంటల తరబడి పనిచేసే ఆ ఆడవాళ్లను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడమే వాళ్ల కూలి అంత హీనంగా ఉండటానికి కారణమని ఆమె చూపించింది. స్వెట్టర్లను యంత్రాలు టన్నుల కొద్దీ అల్లుతాయి. కానీ అసలు సిసలు క్రోషేను బట్టల పరిశ్రమ స్థాయిలో అల్లే యంత్రం ఇంతవరకూ లేదు. క్రోషే మెషీన్లు అని పిలిచేవి నిజానికి మరో రకం నిట్టింగ్ యంత్రాలే. అంటే షోరూములో కొన్ని వందల రూపాయలకు వేలాడే క్రోషే టాప్ అచ్చమైనదే అయితే, అందులోని ప్రతి కుట్టూ ఎవరో ఒకరు కూర్చుని వేసిందే. సొంతంగా ఒక టాప్ అల్లి, పట్టిన గంటలు రాసుకున్నవాళ్లకు ఆ ధర చీటీ చూస్తే అల్లినవాళ్లకు దక్కింది ఎంతో అర్థమవుతుంది. చేతి పని అమ్ముకునేవాళ్లు దారం ఖర్చుకు పైన ఏదో వస్తే చాలనుకోకుండా గంటల లెక్కతో ధర చెప్పడం మొదలుపెట్టాలి.

విడి ముక్కల పద్ధతి ఇంట్లో అల్లుకునేవాళ్లకూ సుఖం. పది సెంటీమీటర్ల చదరాలు పది చుట్టూ కలిపితే 100 సెంటీమీటర్ల ఛాతీ వస్తుంది. బస్సులోనో ఆసుపత్రి వరండాలోనో ఒక్కో చదరం పూర్తిచేసుకోవచ్చు. కానీ మొదటి రోజు అల్లినదీ ఇరవయ్యో రోజు అల్లినదీ ఒకే కొలతలో ఉండవు. కలిపే ముందు అన్నింటినీ ఒకే కొలతకు తేవాలి. థర్మోకోల్ అట్ట మీద పది సెంటీమీటర్ల చదరం గీసి, తడిపి పిండిన ముక్కను దానిమీద పరిచి, ముందు నాలుగు మూలలకూ తర్వాత అంచుల మధ్యలకూ తుప్పు పట్టని పిన్నులు గుచ్చి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. ఆరాక పిన్నులు తీస్తే ముక్క గీతకు గీత సరిపోతుంది. లేసులో అప్పటిదాకా నలిగి ముద్దగా కనిపించిన రేకులు విచ్చుకునేది కూడా ఈ పనితోనే. దీన్ని వదిలేసి నేరుగా కుట్టేస్తే ఎంత మంచి అల్లికైనా అతుకుల దగ్గర వంకర తిరుగుతుంది.

దారం కొసలకు ముడి వేసి కత్తిరించకూడదు. ఉతికేకొద్దీ ముడి జారుతుంది, లేదా ఒంటికి గుచ్చుకుంటుంది. 15 సెంటీమీటర్ల తోక వదిలి, మొద్దు మొన ఉన్న సూదితో వెనకవైపు కుట్లలోంచి ఒక దిక్కుకు నడిపి, ఒక పోగు దాటి వెనక్కి తిప్పి, మళ్లీ ఇంకో దిక్కుకు తీసుకెళ్లి కత్తిరిస్తే ఊడదు. పసిపిల్లల బట్టల్లో పెద్ద కంతల డిజైను వద్దు, వేళ్లు ఇరుక్కుంటాయి. మెడ దగ్గర లాగే తాళ్లు అసలే వద్దు. సంచి పట్టీని అడ్డంగా చిన్న వరసల్లో కాకుండా పొడవునా అల్లితే తక్కువ సాగుతుంది, లోపల గుడ్డ నాడా కుడితే కూరగాయల బరువుకూ దిగదు.

అల్లిన స్వెట్టర్‌ను, బరువైన నూలు టాప్‌ను హ్యాంగరుకు తగిలించకూడదు. తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేసి, నీడలో పరిచి ఆరబెట్టి, మడిచి బీరువాలో పెట్టాలి. విదేశాల్లో ఉన్న మనవరాలికి అల్లి పంపేవాళ్లు దారం కొనేటప్పుడే అక్కడి వాషింగ్ మెషీన్‌ను, డ్రయ్యర్‌ను గుర్తుంచుకోవాలి. మామూలు ఊలు వేడినీళ్లలో గిరగిరా తిరిగితే పోగు మీది పొలుసులు ఒకదానికొకటి పట్టేసుకుని కంబళిలా బిగుస్తుంది, రెండేళ్ల పిల్ల స్వెట్టర్ బొమ్మకు సరిపోయేలా తయారవుతుంది. మెషీన్‌లో ఉతకడానికి వీలుగా శుద్ధి చేసిన సూపర్‌వాష్ ఊలు గానీ నూలు గానీ తీసుకుని, ఏ దారమో, ఎంత వేడిలో ఉతకాలో, డ్రయ్యర్‌లో వేయవచ్చో లేదో ఒక చీటీ మీద రాసి పార్సిల్‌లో పెట్టాలి.